కొండ మీది వెనుక గోడ

మే నెల చివర మా చెల్లె సుజాత ఫోన్ చేసింది. "అన్నా, నిన్న ఒక్క వానకే ఎనుక గోడ మళ్ల తడిసింది. ఈసారి గూడ కూలిందంటే కిందికి దిగిపోతం. మళ్ల లేపే ఓపిక నాకు లేదు."

సుజాత నగరంలో ఒక దవాఖానలో పనిచేసేటప్పుడు పరిచయమైన సోములును పెళ్లి చేసుకున్నది. అతనిది పాడేరు అవతల కొండల్లో ఒక ఊరు. ఆ ఊరికి కూడా పైన, సోములు తల్లి పేరున ఉన్న భూమి చెక్కలో, ఇద్దరూ రెండేండ్లు కష్టపడి ఇల్లు కట్టుకున్నరు. రాతి పునాది, మట్టి గోడలు, పెంకుల కప్పు. (ఆ ప్రాంతంలో బయటివాళ్లు భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదు. చదివి ఆశపడేవాళ్లకు ముందే చెప్తున్న.) పోయిన వానకాలం వెనుక గోడ కరిగి కూలింది. మళ్ల లేపిన్రు గానీ, భయంతో పాడేరులో తీసుకున్న అద్దె గదిని ఇంకా వదల్లేదు.

నేను బహదూర్‌పురాలో బర్రెలు పెట్టుకొని పాలు పోస్తుంట. బడి ఎనిమిదితో ఆగింది. మిగతా చదువంతా మధ్యాహ్నాలు గ్రంథాలయంలో. ఇరవై ఏండ్లలో అక్కడ నేను తిరగెయ్యని అర లేదు. చెల్లె ఫోన్ పెట్టగానే అక్కడికే పోయిన. నేల కోత గురించి రైతుల కోసం రాసిన ఒక పాత పుస్తకంలో నాకు కావలసింది దొరికింది. వాలు మీద సమమట్టంగా కందకం గీసే సాధనం. ఇంటి పైన కందకం తవ్వి కొండ నీళ్లను అక్కడే ఆపితే గోడ తడవదని నా లెక్క. రెండు కర్రలను పైన కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర బిగించి, పై ముడి నుంచి దారానికి రాయి వేలాడదీయాలె. దారం అడ్డకర్ర మీది నడిమి గీతను తాకితే రెండు కాళ్లు ఒకే మట్టంలో ఉన్నట్టు.

దాన్ని కట్టి డాబా మీద పరీక్షిస్తుంటే పక్కింటి యూసుఫ్ భాయ్ పిట్టగోడ మీది నుంచి తొంగి చూసిండు. "క్యా భాయ్, గింత పెద్ద పతంగి? ఎగిరేస్తవా, ఎక్కి పోతవా?"

"ఎక్కే పోత," అన్న.

బర్రెలను మా చిన్నాయన కొడుకుకు అప్పజెప్పిన. మూడు కర్రలను పాత లుంగీలో చుట్టుకొని, మధ్యాహ్నం మూడింటికి ఫలక్‌నుమాలో లోకల్ ఎక్కిన. సికింద్రాబాద్‌లో విశాఖ బండి ఐదు దాటినంక కదిలింది. ఎదురు సీటు పెద్దమనిషి "టెంటు కర్రలా అండీ?" అని అడిగిండు. అడిగినందుకు ఖమ్మం వచ్చేదాకా వివరించిన. మర్యాదస్తుడు, ఆవలింతలు ఆపుకుంటూ విన్నడు.

పొద్దున ఆరింటికి విశాఖ. బస్టాండు ముందర ఇడ్లీ తిని, ఏడింటి పాడేరు బస్సు ఎక్కిన. మాడుగులలో ఆగినప్పుడు హల్వా కొన్న. ఎవరన్నా పోతే ముందు సీట్లలో కూర్చోండి. ఘాట్ మలుపుల్లో వెనుక సీటు కుదుపుకు నా ఇడ్లీలు గొంతుదాకా వచ్చినయ్. పదకొండున్నరకు పాడేరు చేరి, మనుషులు నిండితే గానీ కదలని జీపులో గంట కూర్చున్న. ముప్పై రూపాయలు. రోడ్డు ఆగిపోయే చోట సోములు ఎదురొచ్చిండు. అక్కడి నుంచి గంటన్నర ఎక్కుడే.

కాఫీ తోట దాటంగనే ఇల్లు కనిపించింది. ఆ గోడల మట్టిని నా చెల్లె కాళ్లతో తొక్కింది. గోడకు గోడ ఆనుకున్న గల్లీలో పెరిగిన పిల్ల! హల్వా పొట్లం ఆమె చేతిల పెట్టిన. తర్వాత ఇంటి వెనక్కి పోయి చూసిన. గోడ మోకాలెత్తు దాకా నల్లగ చెమ్మగిల్లి, వేలితో నొక్కితే దిగబడుతున్నది.

తెల్లారి నేను గుర్తులు పెడుతుంటే సోములు తవ్విండు. ఇంటికి ఇరవై అడుగుల పైన, కొండ కడుపును చుట్టి కందకం. సాయంత్రానికి పూర్తయింది. సోములు తల్లి చిలకమ్మ ఒక బిందె నీళ్లు తెచ్చి అందులో పోసింది. నీళ్లు ఎటూ పారలేదు. అద్దం లెక్క నిలబడ్డయ్.

"చూసినవా అమ్మా, ఎంత మట్టంగ ఉన్నదో!" అన్న.

"అదే కదా బాబూ బాధ," అన్నది చిలకమ్మ. "ఇక్కడ నిలబడిన నీరు ఎటెల్తాది? బూమిలోకి దిగుతాది. దిగి ఎటెల్తాది? కిందకి. కిందేటుంది?"

కింద ఇల్లున్నది.

సుజాత కడుపు పట్టుకొని నవ్వింది. "కొండ మీది వాననంత ఆపి మా గోడకే తాపుతున్నవు గదా అన్నా!"

నా మొహం కందిపోయింది. మాది రోజు విడిచి రోజు నల్లా వచ్చే గల్లీ. నల్లా వస్తే డ్రమ్ములు, బిందెలు, ఆఖరుకు చాయ్ గిన్నెలు కూడా నింపి పెడతం. నీళ్లు కనబడితే ఆపుడే మాకు తెలిసిన విద్య. అందుకే కరువు నేలల్లో వాన నీటిని ఇంకించే అధ్యాయమే నా కంటికి ఆనింది. దాన్నే తెచ్చి చెల్లె ఇంటి నెత్తిన తవ్వించిన.

ఆ రాత్రంతా ఆ పుస్తకాన్నే మనసుల తిరగేసిన. పొద్దున కర్రలు చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక ఆలోచన తట్టింది. రెండు కాళ్లు సమానంగ ఉంటేనే మట్టం. ఒక కాలు వేలెడు మందం పొట్టిదైతే? సోములు కత్తితో ఒక కాలు అంత మేర కోసిన. పొట్టి కాలు ఎప్పుడూ పై వైపు, పొడుగు కాలు ఇంటి పక్క పారే వాగు వైపు. వాగును అక్కడ గెడ్డ అంటరు. అట్ల దారం నడిమి గీతను తాకినప్పుడల్లా కందకం ఒక వేలు కిందికి దిగుతది. నేను చదివిన పుస్తకంలో ఈ మాట లేదు. నా తలల పుట్టిందే.

పాత కందకాన్ని అదే వాలుకు లోతు చేసి, గెడ్డ దాకా పొడిగించినం. మధ్యాహ్నం దాటినా ఎవరం తిండికి లేవలేదు. చిలకమ్మ మళ్ల బిందె పోసింది. నీళ్లు ముందు తడబడి, తర్వాత దారి పట్టి, గెడ్డలో పడ్డయ్.

"ఎల్లండి, ఎల్లండి," అని వాటిని సాగనంపింది.

మూడో రోజు నాలుగింటికి వాన దిగింది. అది వాన కాదు, కొండ మీద గుండిగలు బోర్లించినట్టున్నది. పెంకుల మీది మోతకు మాటలు వినిపించలేదు. సుజాత లోపలి నుంచి వెనుక గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డది. నేను గొడుగు పట్టుకొని బయటికి పోయి చూసిన. కందకం నిండా ఎర్ర నీళ్లు ఉరుకుతున్నయ్, గెడ్డ వైపు. లోపలికొస్తే చెల్లె చెయ్యి గోడ మీదనే ఉన్నది. గంటన్నర తర్వాత చెయ్యి తీసి, అరచేతిని లాంతరు వెలుగుకు పెట్టి చూసుకున్నది.

"పొడిగున్నది," అన్నది.

తెల్లారి కింది ఊరి నుంచి ఇద్దరు రైతులు చూడొచ్చిన్రు. సోములు నన్ను పక్కకు పిలిచిండు. "బావా, నీ కర్రలు ఇక్కడ వదిలెల్లు. ఆళ్ల గట్లకి కూడా కావాలంట." ఇరవై ఏండ్ల చదువుకు ఇంతకన్నా పెద్ద పట్టా నాకెవరిస్తరు?

పాడేరు దాకా సుజాత నాతో వచ్చింది. బస్టాండుకు పోకముందు అద్దె గదికి పోయి, రెండు గిన్నెలు, ఒక చాప తీసుకొని, తాళంచెవి ఓనరమ్మ చేతిల పెట్టింది. నా బస్సు కదలకముందే పైకి పోయే జీపు దొరికిందని ఉరికింది. జీపు వెనుక నిలబడి చెయ్యి ఊపింది.

ఘాట్ దిగుతుంటే మబ్బులు బస్సు కిటికీలను రాసుకుంటున్నయ్. ఈసారి ముందు సీట్లోనే కూర్చున్న. ఆ ఇంటికి కరెంటు లేదు, రోడ్డు లేదు, ఫోన్ సిగ్నల్‌కు రాయి ఎక్కాలె. ఇన్నేండ్లు ఎన్నో కోటలు, గుమ్మటాలు చూసిన గానీ, ఇంత గర్వంగ ఏ కట్టడం నుంచీ తిరిగి రాలేదు.

పక్క సీట్లో చింతపండు బుట్టతో కూర్చున్న ముసలామె అడిగింది. "ఎవరింటికొచ్చేవు బాబూ?"

"మా చెల్లె ఇంటికమ్మా. ఆ పై కొండ మీద."

"వానాకాలం కదా, దిగిపోతారేటి?"

"దిగరు," అన్న.