ఎడమవైపు నుంచి వచ్చిన బంతి

నాకు పుదుచ్చేరి రెడ్డియార్‌పాళయంలో పెయింట్ల అంగడి ఉంది. గోడ మీద మనిషి ఆకారం కనిపిస్తోందని, రోజురోజుకీ పెద్దదవుతోందని భయపడుతూ వచ్చేవాళ్లు ఏడాదికి ఇద్దరైనా ఉంటారు. అది దయ్యం కాదు, చెమ్మ అని చెప్పి, గోడ గీకించి, మందు పూయించి పంపిస్తాను. దయ్యాలనూ ఆత్మలనూ నేనెప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఈ ఒక్క సంగతి మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తెలుగు రాయడం ఇంట్లో మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకోండి.

నేను పుదుచ్చేరి టౌన్‌లో పేరున్న ఒక ప్రైవేటు మగపిల్లల బడిలో చదివాను. బడి పేరు ఇక్కడ అనవసరం. అక్కడ చదివినవాళ్లు జడ్జీలయ్యారు, సైన్యంలో పెద్ద పదవులకు వెళ్లారు, ప్యారిస్‌లో డాక్టర్లయ్యారు. ఏటా జరిగే పాత విద్యార్థుల సమావేశానికి 'ప్రముఖ పూర్వ విద్యార్థులు' అని ఆహ్వానపత్రిక మీద వాళ్ల పేర్లు అచ్చేస్తారు. నేను పదో తరగతి తరవాత చదువబ్బక మా నాన్న అంగట్లో కూర్చున్నవాణ్ణి. ఆ పేర్ల మధ్య చేతులు కట్టుకుని నిలబడడం ఎందుకని ఒక్కసారి కూడా వెళ్లలేదు.

నా స్నేహితుడు ఎస్. దామోదరం పేరు మాత్రం ఆ పత్రికలో ప్రతిసారీ ఉండేది. వాడు సముద్రం మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త, చెన్నైలో ఉంటాడు. చిన్నప్పుడు మావి పక్కపక్క వీధులు. మా తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. ఫుట్‌బాల్ మైదానంలో అది మాకు భలే కలిసొచ్చేది. నేను మధ్యలో, వాడు ఎడమవైపు. బంతి ఎటు వెయ్యాలో తెలుగులో అరుచుకుంటే అవతలి జట్టుకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పైగా వాడు వైతికుప్పం సముద్రపొడ్డు ఇసుకలో జాలరి పిల్లలతో ఆడి నేర్చుకున్నవాడు. ఎన్ని దెబ్బలు తిన్నా బూట్లు వేసుకునేవాడు కాదు.

సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులవి. ఆ ఏడు సమావేశంలో ప్రముఖులకూ, బడి జట్టు పిల్లలకూ ఫుట్‌బాల్ పోటీ పెట్టారు. వారం ముందు దామోదరం ఫోన్ చేశాడు.

"రేయ్ వరదా, ఈసారన్నా వస్తావా రావా?"

"నేను యాడ ప్రముఖుణ్ణి రా? డబ్బాలు అమ్ముకునేవాణ్ణి."

"నువ్వు రాకుంటే నాకు బంతి ఎవుడు ఇస్తాడు? ఆ జడ్జి ఇస్తాడా?"

చూస్తాంలే అని పెట్టేశాను. వెళ్లే ఉద్దేశం లేదు.

పోటీ రోజు మధ్యాహ్నం బడి నుంచి ఫోన్ వచ్చింది. మైదానంలో గీతలు గీయడానికి సున్నం చాలలేదట. అంగట్లో పనివాడు సెలవు. నేనే రెండు సంచులు స్కూటర్ మీద వేసుకుని వెళ్లాను. సంచులు దించుతుంటే ఎవరో వెనకనుంచి నా కాలర్ పట్టుకున్నారు. మా పాత డ్రిల్లు మాస్టారు. డెబ్బై దాటినా మెడలో విజిల్ అలాగే ఉంది. ఆనాటి పోటీకి రెఫరీ ఆయనే.

దామోదరం ఇంకా రాలేదని, ఫోన్ కూడా ఎత్తడం లేదని, ప్రముఖులు పదిమందే ఉన్నారని చెప్పి, ఎక్కడినుంచో ఒక జత బూట్లు తెప్పించి నా ముందు పడేశారు. "వరదరాజులూ, వేసుకో" అన్నారు తమిళంలో. ఆయన మాటకు ఎదురు చెప్పడం నాకు బడి రోజుల నుంచీ రాదు.

ఆ ఆట గురించి ఎంత చెప్పినా తక్కువే. గోల్ దగ్గర హైకోర్టు జడ్జి గారు. బంతి వస్తుంటే పక్కకు తప్పుకునేవారు. ప్యారిస్ డాక్టరు కొత్త బూట్లతో మొదటి నిమిషంలోనే వెల్లకిలా పడ్డాడు. ఒక కర్నల్ గారు నా మీద పడితే, ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని లేవబోయి మళ్లీ పడ్డాం. గట్టు మీద వాళ్ల భార్యలు, పిల్లలు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. సగం ఆటకు పిల్లలు మాకు మూడు గోల్స్ వేశారు. ఆ దుమ్ములో ప్రముఖుడెవరో, పెయింట్ల వ్యాపారి ఎవరో ఎవరికీ తెలియలేదు. ఇన్నేళ్లూ దేనికి భయపడి రాలేదో నాకే గుర్తు రాలేదు.

సాయంత్రం నాలుగున్నర అయి ఉంటుంది. బంతి నా కాళ్ల దగ్గర ఉంది, ముందు ఇద్దరు పిల్లలు అడ్డం. అప్పుడు ఎడమవైపు నుంచి స్పష్టంగా వినిపించింది.

"వరదా! ఇట్లా ఎయ్ రా!"

తల తిప్పి చూడలేదు. పాత అలవాటు, కాలు దానంతట అదే ఎడమవైపు కొట్టేసింది. నేను ముందుకు పరుగెత్తాను. బంతి నేల మీద దొర్లుతూ తిరిగి వచ్చింది, సరిగ్గా నా కాలికి అందేలా. కొట్టాను. గోల్!

చేతులు చాపుకుని ఎడమవైపు తిరిగాను. అక్కడ ఎవరూ లేరు. మావాళ్లలో అందరికన్నా దగ్గరున్నది కర్నల్ గారే. ఆయన ఎక్కడో వెనకాల కూర్చుని బూటు దారం కట్టుకుంటున్నారు.

ఇంతలో పిల్లల కెప్టెన్ మాస్టారి దగ్గరకు పరుగెత్తాడు. "సార్, వాళ్లు పన్నెండు మంది ఆడుతున్నారు!" అని తమిళంలో ఒకటే గోల. మాస్టారు విజిల్ వేసి మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి తల తట్టి లెక్కపెట్టారు. పదకొండు. ఆ కుర్రాడు ఒప్పుకోలేదు. ఎడమవైపు బూట్లు లేని ఒక అంకుల్ ఉన్నాడని, తను ఆయన్నే అడ్డుకోబోయానని అన్నాడు. "ఎండకు నీ కళ్లు తిరిగాయి పో" అని మాస్టారు నవ్వి గోల్ ఇచ్చేశారు.

వాళ్లవి అయిదు గోల్స్, మాది ఒకటి. ఓడిపోయాం. అయినా మావాళ్లు నన్ను భుజాల మీదికి ఎత్తారు. ఒక కాలు జడ్జి గారే పట్టుకున్నారు.

టీ తాగుతుంటే నా ఫోన్ మోగింది. దామోదరం భార్య సరస్వతి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"అన్నా, భయపడొద్దు, బాగుండాడు. పొద్దున కారెక్కేటప్పుడు గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రికి తీసకపోతిమి. మూడు గంటలకు యాంజియో చేసేదానికి లోపలికి తీసకపోయినారు. మధ్యలో గుండె ఒకసారి ఆగి, మళ్లీ కొట్టుకునిందంట. ఇప్పుడు గండం గడిచింది అన్నారు డాక్టర్లు."

టీ గ్లాసు గట్టు మీద పెట్టేశాను. ఆమె ఇంకో మాట అడిగింది.

"కండ్లు తెరిచి నవ్వినాడన్నా. 'వరద గోల్ ఏసినాడు' అన్నాడు. మీరు ఆటకు పోయినారా, ఏంది?"

నేను వెళ్తానని నాకే తెలియదు. మైదానంలో ఉన్న ప్రతి ఒక్కరినీ అడిగాను. చెన్నైకి ఎవరూ ఫోన్ చేయలేదు. గుండె ఆగింది సరిగ్గా ఏ సమయానికో సరస్వతికి తెలియదు, నేను తరవాత ఆస్పత్రిలోనూ తెలుసుకోలేకపోయాను. కాబట్టి రెండూ ఒకే నిమిషంలో జరిగాయని చెప్పను.

దామోదరం క్షేమమని మావాళ్లకు చెప్పగానే ఆ మైదానం దద్దరిల్లిపోయింది. కర్నల్ గారు డాక్టరును ఎత్తుకుని గిరగిరా తిప్పారు. మాస్టారు మాత్రం గట్టు మీద కూర్చుని, బూట్లు లేని అంకుల్ ఎలా ఉన్నాడో చెప్పమని ఆ కెప్టెన్‌ను మళ్లీ మళ్లీ అడిగారు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడన్నాడు. ముఖం సరిగ్గా చూడలేదట.

మరునాడు పొద్దున్నే వెళ్లి ఆ చోటు చూశాను. బంతి తగిలి తిరిగి రావడానికి గోడ లేదు, స్తంభం లేదు, రాయి కూడా లేదు. చదునైన నేల.

అయిదో రోజు చెన్నై వెళ్లాను. దామోదరం మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. తను ఏమన్నాడో వాడికి గుర్తు లేదు. కానీ శాస్త్రవేత్త కదా, ఊరుకోలేదు. మందుల చీటీ వెనక మైదానం బొమ్మ గీశాడు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, బంతి ఎంత వేగంగా వెళ్లింది, ఎటు తిరిగి వచ్చింది, అన్నీ అడిగి బాణాలు వేశాడు. గంటసేపు అలా కుస్తీ పట్టి, ఎడమవైపు ఒకచోట కలం ఆపాడు.

"ఈడ ఎవుడో ఒకడు ఉంటేనే బంతి తిరిగొస్తుంది రా. లేకుంటే రాదు."

"ఉన్నింది ఎవురు మరి?"

"నాకేం తెలుసు? నేను ఈ మంచం మీద కదా పండుకోనుంటి!"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వడం మొదలుపెట్టాం. ఆపుకోలేకపోయాం. గుండె జాగ్రత్త అని నర్సు పరుగెత్తుకొచ్చి నన్ను బయటికి పంపేసింది.

ఆ చీటీ నా దగ్గరే ఉంది. ఎన్నిసార్లు చూసినా నాకేమీ తోచదు. బాణాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కలం ఆగిన ఆ ఒక్క చోట మాత్రం వాడూ ఏమీ రాయలేదు, నేనూ రాయలేదు.