జోగమ్మ కాలి మర

జంషెడ్‌పూర్‌లో జుగాడ్ అనే మాట వినపడని పూట ఉండదు. కూలరు మోటారుతో పిండిజల్లెడ ఊపినా జుగాడే, పాత టైరుతో తలుపుకి బందు వేసినా జుగాడే. చేతిలో ఉన్నదానితో లేనిదాని పని జరిపించడం అని దాని అర్థం. మన తెలుగులో అందుకు మాటలేమీ తక్కువ లేవు. బుర్రలో ఉన్నంతవరకు అది ఉపాయం. చేతికి దిగితే కిటుకు. చదువుకున్నవాళ్ళు యుక్తి అంటారు, మా నాన్న హికమతు అనేవాడు. ఆ ఉపాయం కర్రలోనో ఇనుములోనో నిలబడి, చేసినవాడు పక్కన లేకపోయినా పని చేస్తూ ఉంటే దాన్ని మర అనాలి. శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె బడిలో ఐదో తరగతి దాకా చదివిన గోవిందరావు అనే నేను చెబుతున్న అర్థం ఇది.

ఆ చదువుతోనే గమ్హరియా ఫ్యాక్టరీ షెడ్డుల్లో తల నెరిసేదాకా ఫిట్టరుగా చేశాను. ఏ మిషను మొరాయించినా కబురు నాకే వచ్చేది. ఒకసారి పెద్ద ప్రెస్సుకి స్ప్రింగు విరిగితే లారీ స్ప్రింగు కోసి వేశాను. కంపెనీ నుంచి కొత్తది వచ్చాక కూడా నాది తియ్యలేదు. సీతారాండేరా పేటలో అమ్మవారి రథం ఇరుకు సందుల్లో మలుపు తిరుగుతోందంటే దాని కింది చక్రం నా చేతి పనే. జరిగినవి గనక చెబుతున్నాను. అయితే ఇప్పుడు రాస్తున్నది నా చెల్లెలు జోగమ్మ సంగతి.

జోగమ్మ పెళ్ళయి ఈ ఊరు వచ్చింది. మా బావ టాటానగర్ రైల్వేలో చేసేవాడు. ఇక్కడి తెలుగిళ్ళలో ఏ పిల్ల అత్తారింటికి వెళ్ళినా సారె అరిసెలు జోగమ్మ చెయ్యాల్సిందే. సారె అంటే ఊరికే మిఠాయి కాదు. అత్తవారి వీధిలో ఇంటింటికీ పంచుతారు. ఆ అరిసె కొరికి చూసి పుట్టింటివాళ్ళని అంచనా కడతారు. జోగమ్మ అరిసె తిని ఏ పిల్లనీ తక్కువ చేసినవాళ్ళు లేరు.

అలాంటి మనిషికి పోయిన ఏడాది పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది, కాలు వచ్చింది, ఎడమ చెయ్యి మాత్రం రాలేదు. అలా ఉండగానే ఆమె మనవరాలు ప్రియకి పెళ్ళి కుదిరింది.

అరిసెకి రెండు చేతులూ కావాలి. నూనెలోంచి తీసిన అరిసెని వేడి మీదే రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కాలి, లేకపోతే నూనె లోపలే ఉండిపోతుంది. ఒంటి చేత్తో గరిటె దించి చెక్క అందుకునేలోగా బాణలిలో ఇంకొకటి మాడిపోతుంది.

జోగమ్మ కోడలు, ప్రియ తల్లి ఉమామహేశ్వరి నా ముందే చెప్పేసింది. "అత్తా, సారెకి మిఠాయి కొట్టులో సెప్పేసినాను. ఒంటి సేత్తో మరిగే నూని కాడ మిమ్మల్ని ఒగ్గేసి నాను ఊపిరెలగ పీల్సుకోను?"

"నా మనవరాలికి కొట్టు సారెట్టి పంపితే, రేపు నన్నెవలు పిలుత్తారే? సచ్చిపోనాదనుకుంటారు."

"ఎవులైనా పక్కన నొక్కుతారులెండి."

"ఇంకొకలు నొక్కితే అది నా అరిసె ఎలగైపోతాది? నొక్కుడులోనే ఉంది మెత్తన."

ఉమ ఒక షరతు పెట్టింది. "అయితే ఆదివారం నా కళ్ళెదర ఒక వాయి సెయ్యండి. ఎవులూ సాయం పట్టకూడదు. మాడకూడదు, మీ ఒంటి మీద నూని పడకూడదు. అయితే సారె మీదే. నేదంటే కొట్టు మిఠాయే."

జోగమ్మ నా వైపు తిరిగింది. "అన్నియ్యా, కాళ్ళు రెండూ ఉన్నాయి నాకు. సేత్తో నొక్కేది కాలితో నొక్కనేనేటి?"

ఆ మాట చాలు నాకు. పాత కుట్టుమిషను తొక్కుడుబల్ల, సైకిలు బ్రేకు తీగ, తలుపు బందు, ఒక స్ప్రింగు తెచ్చి రెండు పలకలకి బిగించాను. తొక్కితే పై పలక దిగుతుంది, కాలు తీస్తే స్ప్రింగు లేపుతుంది. పలకలు మాత్రం స్టీలువి కోయించి అద్దంలా మెరుగు పెట్టాను. ఈ ఊళ్ళో బతికినవాడికి గట్టిదనం అంటే స్టీలే తోస్తుంది.

శనివారం చూసుకుందామని జోగమ్మ తొక్కింది. మొదటి అరిసె పై పలకకి అతుక్కుని లేచి ముక్కలై రాలింది. రెండోది అప్పడమైంది.

"ఇదేటన్నియ్యా, అరిసనుకున్నావా, రైలు పట్టా అనుకున్నావా?" అంది. "మీ ఫిట్టర్లకి ఏది సెయ్యమన్నా ఇనుమే. కూడు కూడా కొలిమిలోనే వండుకోండి."

నవ్వింది గానీ లేవలేదు. మరని అటూ ఇటూ తిప్పి చూసింది. "అమ్మ ఇచ్చిన టేకు సెక్కలున్నాయి, అయ్యి బిగించు. కర్రయితే నూని పీల్సుద్ది, అంటుకోదు. అంచుల కాడ అరిస మందాన రెండు మేకులు కొట్టు. దీనికి తొక్కడవే తెలుసు, ఎక్కడ ఆగాలో తెలీదు."

ఫిట్టరు పనిలో ఎంతోమందికి పని నేర్పాను. ఇంత సూటిగా లోపం పట్టినవాళ్ళు తక్కువ. నాన్న హికమతు నా ఒక్కడికే రాలేదని గర్వంగా అనిపించింది. ఆ రాత్రే టేకు చెక్కలు బిగించి, మేకులు కొట్టాను.

ఆదివారం ఉమ కుర్చీ వేసుకుని కూర్చుంది. ప్రియ ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది. జోగమ్మ అరిటాకు ముక్క మీద పాకం పిండి తట్టి, ఆకుని అరచేతిలోకి తీసుకుని అరిసెని నూనెలోకి జార్చింది. పొంగింది. తీసి చెక్క మీద వేసి తొక్కింది. నూనె కిందికి కారి, అరిసె గుండ్రంగా, మెత్తగా నిలిచింది.

"వాహ్ దాదీ! క్యా మస్త్ జుగాడ్ హై!" అంది ప్రియ.

"జుగాడు నిన్న మీ తాత సేసినాడు," అంది జోగమ్మ గరిటె ఆపకుండా. "జుగాడంటే ఇయ్యాలికి గడిసేది. ఇది మర. నీ కూతురి సారెకీ దీన్నే తొక్కుతారు."

వాయి సగంలో ఉండగా తీగ నట్టు జారింది. కాలు తొక్కుతోంది, చెక్క దిగడం లేదు. చెక్క మీద అరిసె ఉంది, బాణలిలో ఇంకొకటి ఎర్రబడుతోంది. నేను లేవబోయాను.

"సాయం వద్దన్నాను మాఁవయ్యా," అంది ఉమ. తను మాత్రం కుర్చీ అంచుకి జరిగింది.

జోగమ్మ గరిటె పక్కన పెట్టింది. కుడిచేత్తో తన ఎడమ మణికట్టు పట్టుకుని, పడిపోయిన ఆ చేతిని ఎత్తి పై చెక్క మీద పరిచింది. భుజం వంచి ఒళ్ళంతా దాని మీద ఆనించింది. నూనె బొట్లు బొట్లుగా కారింది. వెంటనే గరిటె అందుకుని బాణలిలోది తీసింది. కాస్త ఎరుపెక్కువే గానీ మాడలేదు.

ప్రియ ఫోను దించేసింది. ఉమ ఆ ఎర్రటి అరిసెని చల్లారనివ్వకుండానే తుంచి నోట్లో వేసుకుంది. నములుతూనే లేచి వంటింటి గడపలో నిలబడి కొట్టుకి ఫోను చేసి, మిఠాయి వద్దు, సారె ఇంట్లోనే అవుతోందని చెప్పేసింది. "భయ్యా, మిఠాయీ నహీఁ చాహియే. సారె హమారే ఘర్ మే బన్ రహా హై."

తరువాత కొంగు నడుముకి దోపుకుని అత్త పక్కన చతికిలబడి పిండి ఉండలు చెయ్యడం మొదలుపెట్టింది.

"సిన్నయి సెయ్యమ్మా, అంత పెద్దయి కాదు," అంది జోగమ్మ. ఆపైన నా మీద పడింది. "సూత్తావేటన్నియ్యా? పానా అట్టుకురా, నట్టు బిగించు. బాణలి సల్లారిపోతంది."