అమ్మ నన్ను గుంజకు కట్టేసిన చీర

నిన్న నంద్యాలలో మా పాపను డాక్టరుకు చూపించాను. కుర్చీలెక్కి దూకుతున్న దాన్ని చూసి, "హైపర్ యాక్టివిటీ అమ్మా. కొందరికి పెద్దయినా పోదు. చిన్నప్పుడు మీరూ ఇంతేనా?" అన్నారాయన.

ఆళ్లగడ్డలో మా వంటింటి గుంజ, జొన్నరొట్టె కాలే వాసన గుర్తొచ్చాయి. రొట్టెలు తట్టేటప్పుడు అమ్మ నన్ను పాత చీరతో ఆ గుంజకు కట్టేసేది. మీలో ఎంతమందిని అలా కట్టేశారో!

ఇప్పటికీ పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతాను. ఏ ఉద్యోగంలోనూ నిలవలేదు. అంతా నా నిర్లక్ష్యమే అని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి, డాక్టరు అన్నదీ, గుంజ గుర్తొచ్చిన సంగతీ చెప్పాను.

"ఇడిస్తే రోడ్డు మీదికి ఉరుకుతాంటివి. నేనేం చేసేది మే?" అని ఏడ్చింది.

"ఇప్పుడు నేనేం చేయాలమ్మా?"

అప్పటికే మా పాప వీధి తలుపు గడియ తీస్తోంది.