మందు దిగేదాకా

సార్ పోయినాడని వాచ్‌మన్ ఫోన్ చేసినప్పుడు నేను ల్యాబ్ మిద్దె మీద మోదుగ గింజలు ఎండబోస్తున్నాను. "ఏ సార్?" అని అడిగాను. "మనకు ఇంకెంతమంది సార్లు ఉండారప్పా" అన్నాడు. గుండెపోటంట. పొద్దున చెప్పులేసుకుంటా గడపలోనే కూలబడినాడంట. ఫోన్ పెట్టేసి, మిగిలిన గింజలు కూడా ఎండబోశాను. ఎందుకో తెలియదు. ఆయన కోసం ఏడవాలో ఆయన్ను తిట్టాలో ఇప్పటికీ తెలియడం లేదు. తెలియకుండానే ఇది రాస్తున్నాను.

సార్ తిరుపతిలో పశువుల మందుల మీద పరిశోధన చేసేవాడు. ఆయన దగ్గర పశువుల కొట్టం చూసుకోవడం, ఆకులు, గింజలు ఎండబెట్టడం నా పని. నేను పదో తరగతి దాటలేదు. మందు డబ్బాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నదే నా చదువు. అర్థం కాని మాట అడిగితే సార్ విసుక్కోకుండా చెప్పేవాడు. మర్నాడు అదే మాట తిప్పి నన్నడిగేవాడు.

మా పల్లెల్లో ఆవు కడుపులో పురుగులు పడితే మోదుగ గింజలు నూరి, వెదురు గొట్టంతో గొంతులో పోస్తారు. పోసేవాడు మందు దిగేదాకా నోరు విప్పకూడదు. విప్పితే మందు పని చేయదని మా అవ్వ అనేది. గొట్టంతో పోసేటప్పుడు ఒక్కోసారి మందు ఊపిరితిత్తుల్లోకి పోయి ఆవే చస్తుంది. అందుకే సార్ అవే గింజలతో బొటనవేలంత మాత్ర చేస్తున్నాడు. అది ఆవు కడుపులో కూర్చుని రోజూ కొంచెం కొంచెం కరగాలి. ఆయన కష్టమంతా దానికే.

"మా అవ్వకు తెలిసినదానికి ఇన్ని మిషన్లు ఎందుకు సార్?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"మీ అవ్వ మందు మంచిదే అబ్బా. ఎంత ఇస్తే మందు, ఎంత ఇస్తే విషం, అది చెప్పిందా?"

"చేతి అంచనా సార్."

"నీ చెయ్యి సూడు, చేటంత ఉండాది. మీ అవ్వ చెయ్యి ఎంతుండె?"

నవ్వొచ్చింది. కోపమూ వచ్చింది. ఆయన దగ్గర నాకు ఈ రెండూ కలిసే వచ్చేవి.

అంత లెక్కల మనిషీ మాత్ర వేసేటప్పుడు నోరు తెరిచేవాడు కాదు. ఎడమచేత్తో ఆవు గంగడోలు నిమురుతూ, అది మింగేదాకా ఊపిరి కూడా బిగబట్టేవాడు. "మీరూ నమ్ముతారా సార్?" అంటే, "ఆవు బెదరకుండా ఉంటాదని" అనేవాడు. నేను ఆ మాట నమ్మలేదు.

పోయిన వానాకాలం మా అమ్మ ఆవుకు పురుగుల జబ్బు చేసింది. చంద్రగిరి దగ్గర మా ఇంట్లో ఆ ఒక్క ఆవు పాలే అమ్మ బతుకు. దానికి ఎముకలు తేలాయి, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడింది. డాక్టరు రాసిన మందు వేసినా తేరుకోలేదు. సార్ బీరువాలో మాత్రలున్నాయి, నా చేత్తో ఎండబెట్టిన గింజలవి. అడిగాను. ఇవ్వనన్నాడు.

"కొట్టంలో ఆవులకు వేస్తాండారు గదా?"

"అవి బాగుండే ఆవులు అబ్బా. మీది నిలబడలేకుండా ఉండాది. ఈ మాత్ర దాన్ని ఏం చేస్తాదో నాకు తెల్దు."

"తెల్దు, తెల్దు. ఇన్నేండ్లు ఏం జేసినారు మరి?"

"మనిషైతే ఒప్పుకుని సంతకం పెడతాడు, ఆవు పెట్టదురా. దాని తరఫున భయపడాల్సింది మనమే."

ఆ వారంలోనే ఆవు పోయింది. సార్ బండి మీద వచ్చి అమ్మ ముందు నిలబడ్డాడు.

"మీ కాడ మందు ఉండాదంట గదా సార్" అంది అమ్మ.

"ఉండాదమ్మా."

అంతే. సాకులు చెప్పలేదు. కాసేపటికి, కోసి చూడనిస్తారా అని అడిగాడు. నేను పార అందుకున్నాను, గుంత తవ్వడానికి కాదు. అమ్మే ఆపింది. "సూడనీరా. ఇంకో ఆవుకన్నా తెలుస్తాది."

మోకాళ్ల మీద కూర్చుని తనే కోశాడు. చాలాసేపు చూశాడు. చేతులు కడుక్కుంటూ, "మందు ఇచ్చినా నిలిచేది కాదమ్మా. లివరు మిగల్లేదు" అన్నాడు.

అది నిజమా? అమ్మను ఊరడించడానికి అన్నాడా? తనను తాను కాపాడుకోవడానికా? రోజూ పనికి పోగానే అడగాలనిపించేది. ఆయన "గింజలు ఆరినాయా అప్పా" అనేవాడు. "ఆరినాయి సార్" అనేవాణ్ణి. ఆ తర్వాత మా దోవన పోయినప్పుడల్లా ఆగి, అమ్మ ఇచ్చిన పాలు లేని టీ తాగిపోయేవాడు. ఎందుకొచ్చేవాడో అమ్మకూ తెలియదు, నాకూ తెలియదు. చచ్చిపోగానే మనిషి దేవుడైపోయాడని అందరూ అంటున్నారు. నేను అంత సులువుగా ఒప్పుకోను. తప్పుచేసినాడని కూడా అనలేను. ఆవు లోపల చూసింది ఆయనొక్కడే. ఇప్పుడు నేనెవర్ని అడగాల?

సార్ పోయిన మర్నాడు ల్యాబ్ తెరిస్తే వేడినీళ్ల మిషన్ ఇంకా తిరుగుతూనే ఉంది. మాత్ర ఎంతసేపటికి కరుగుతుందో చూడడానికి, ఆవు కడుపంత వెచ్చగా ఉండే ఆ నీళ్లలో సార్ ఒక మాత్ర వేసి ఇంటికి పోయాడు. మళ్లీ రాలేదు.

ఆఫీసు నుంచి వచ్చినాయన స్విచ్చి మీద చెయ్యి పెట్టాడు. "ఇంక దీంతో పనేముండాదప్పా, ఆపేద్దామా?"

ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు తీశాను. ఏదో అనబోయాడు. నేను పెదవుల మీద వేలు పెట్టుకున్నాను.

గాజు గిన్నెలో మాత్ర అంచులు మెత్తబడుతున్నాయి. గోధుమరంగు మందు దారంలా నీళ్లలోకి సన్నగా సాగుతోంది. ఇద్దరం మాట్లాడకుండా నిలబడ్డాం.