బీచ్‌లో చదువుకున్న పందెం గుర్రం

గుర్రాన్ని ముఖం చూసి అంచనా వెయ్యకూడదు, వెనక నుంచి చూడాలి. ఇది మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం. ఆయన ఆర్కే బీచ్‌లో పిల్లల్ని గుర్రాలెక్కించి తిప్పుతాడు. తడి ఇసకలో గుర్రం నడిచెళ్ళాక, ముందుకాలి అచ్చుని వెనక కాలు దాటి పడిందా, దానికి చేరకుండానే ఆగిపోయిందా చూడమనేవాడు. దాటి పడితే ఆ గుర్రంలో పరుగు ఉన్నట్టు. చేరకపోతే నడుం పట్టేసినట్టు. నేను బడి నుంచి వస్తూ, పుస్తకాల సంచీ భుజాన ఉండగానే, ఆ అచ్చులు చూసుకుంటూ నడిచేదాన్ని. ఓసారి అలాగే ఒకావిడ మీదకెళ్ళిపోయి, ఆవిడ చేతిలో మొక్కజొన్న కండె ఇసకలో పడేశాను. నాన్నే ఇంకోటి కొనిచ్చాడు.

ఇంత చదువు చదివి నేను కోడలిగా వెళ్ళింది తగరపువలస దాటాక ఓ ఊళ్ళోకి, పందెం గుర్రం ఉన్న ఇంటికి. మా మావయ్యకి గుర్రాలంటే పిచ్చి. చుట్టుపక్కల ఏ అమ్మోరి తీర్థంలో, అంటే జాతరలో, గుర్రాల పరుగు పెట్టినా ఆయన ఉండాల్సిందే, ఏది గెలుస్తుందో ముందే చెప్పాల్సిందే, అది ఓడిపోవాల్సిందే. ఆయన సుళ్ళు చూసి చెప్తాడు. నుదుటి మీద వెంట్రుకల సుడి ఎటు తిరిగింది, మెడ కింద సుడి ఉందా లేదా, అదే ఆయన శాస్త్రం. ఊళ్ళోవాళ్ళు తెలివైనవాళ్ళు. మావయ్య చెప్పిన గుర్రాన్ని పక్కనపెట్టి మిగతావాటిలో ఏరుకునేవారు. మా ఊరి పందాల్లో డబ్బులుండవు, మాటే ఉంటుంది. మాట నెగ్గినవాడు మళ్ళీ తీర్థం దాకా టీ కొట్టు దగ్గర కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు.

మావయ్యకి ఆ యోగం ఎప్పుడూ పట్టలేదు. అంత మంచి సుడి జన్మలో చూడలేదని ఆయన కొనుక్కొచ్చిన గోధుమరంగు ఆడగుర్రం ఒక్క తీర్థంలోనూ గెలవలేదు. తీర్థం రోజు తెల్లారగానే గుర్రాన్ని పట్టుకుని గట్ల వెంట గబగబా వెళ్ళిపోయేవాడు. వెనక అన్నం క్యారేజీ మోసుకుంటూ మా అత్త. "కాసింత ఆగండయ్యా" అని ఆవిడ, ఆగని ఈయన.

ఆఖరికి అత్తకి ఒళ్ళు మండింది. వీధిలో నలుగురూ చూస్తుండగా చెప్పేసింది.

"ఈ తీర్థంలో గెలిసిందా, ఉంటది. ఓడిందా, ఆ సాయంత్రమే దీన్ని పంపించెయ్యాల. గడ్డి నాను మొయ్యాల, లద్ది నాను ఎత్తాల. సుళ్ళు మాత్రం తమరు సూత్తారు!"

నలుగురి ముందు పరువు పోతుందని మావయ్య "అలగే" అనేశాడు. అనేసి పెరట్లోకి వెళ్ళి గుర్రం జూలు దువ్వుతూ నిలబడ్డాడు. దువ్విందే దువ్వుతున్నాడు. మావయ్య మీద నాకు వంద కోపాలున్నాయి గానీ, ఆ గుర్రం వెళ్ళిపోతే ఆయన మనిషిలా ఉండడు.

బోరు దగ్గర బురదలో దాని అడుగులు చూశాను. వెనక కాలు ముందుకాలి అచ్చుని జానెడు దాటి పడుతోంది. ఊపిరి చూశాను, గట్టు ఎక్కి దిగినా ఎగశ్వాస లేదు. ఇంత గుర్రం ఎందుకు ఓడుతోందసలు? తీర్థంలో దాన్ని స్వారీ చేసేది మా మరిది. మధురవాడలో బండి మీద పార్సిళ్ళు పంచుతాడు, సన్నగా గడకర్రలా ఉంటాడు. వాణ్ణి నిలబెట్టి అడిగాను.

"బాగానే లెగుద్ది వదినా. డీజే బాక్సులు ఇనబడ్డాయా, బిగుసుకుపోద్ది. సెవులు ఎనక్కి పడిపోతాయి."

వాడి బండి హారన్ నేనే నొక్కి చూశాను. గుర్రం కట్టు తెంపుకున్నంత పని చేసింది. రోగం తెలిసింది, మందు కూడా మా పుట్టింట్లోనే ఉంది. మావయ్య దగ్గరికెళ్ళి, తీర్థం దాకా దీన్ని మా నాన్న దగ్గర బీచ్‌లో ఉంచుదాం, గోలకి అలవాటు పడుతుంది అన్నాను.

"ఏటీ? నా పందెం గుర్రం ఐస్‌క్రీం పిల్లల్ని మొయ్యాలా?"

మా నాన్న పనిని అంత మాటంటే నేనూరుకుంటానా!

"మొయ్యకపోతే అమ్ముకోండి! ఆ ఐస్‌క్రీం పిల్లల్ని మోసిన గుర్రాలే నన్ను పెంచాయి" అన్నాను.

మావయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు, తీశాడు, మళ్ళీ వేసుకున్నాడు. "మీ నాన్నకి ఫోన్ సెయ్" అన్నాడు.

మొదట్లో అది బెలూన్ పేలినా సముద్రంలోకి పరిగెత్తేది. నాన్న తిట్టలేదు, కొట్టలేదు. మైకులూ, హారన్‌లూ, పిల్లల ఏడుపులూ వినిపిస్తూ అటూ ఇటూ నడిపించాడు. ఆదివారాలు మావయ్య బస్సెక్కి, మద్దిలపాలెంలో దిగి ఆటో పట్టుకుని, ఊరివాళ్ళెవరైనా చూస్తారని ముఖానికి తువ్వాలు చుట్టుకుని వచ్చేవాడు. గుర్రం మెడలో ప్లాస్టిక్ పూలదండ, వీపు మీద బూరుగు దూదిలాంటి గౌను పిల్ల, ఎదురుగా ఫోటోకి ఫోన్ పట్టుకుని వాళ్ళమ్మ. ఫోన్ లేస్తే చాలు, గుర్రం నాలుగు కాళ్ళూ సర్దుకుని మెడ ఎత్తి నిలబడేది.

"సూడు బావా, ఎంత బుద్ధిమంతురాలో" అని నాన్న మురిసిపోయేవాడు. మావయ్య తువ్వాల్లోంచి మూలిగేవాడు.

తీర్థానికి నాన్నే గుర్రాన్ని బండిలో తీసుకొచ్చాడు. నేను పొద్దున్నే గుర్రాలు కట్టిన చోటికి వెళ్ళాను. నల్ల గుర్రం ఒకటి కండలు తిరిగి నిగనిగలాడుతోంది, జనమంతా దాని చుట్టే. కానీ అప్పటికే దాని మెడ కింద చెమట నురగ కట్టింది. పరుగంతా అక్కడే నిలబడి పరిగెత్తేసిందన్నమాట. మచ్చల గుర్రం వెనక కుడికాలు పొట్టిగా వేస్తోంది. తెల్లది బాగుంది గానీ, దాని మీద ఎక్కేవాడు బస్తాలా ఉన్నాడు. పరుగు కోసేసిన మడుల్లో. ముందురోజు జల్లుకి నేల మెత్తబడింది, బరువుంటే దిగబడిపోతుంది. మాది మాత్రం డీజే బాక్సు పక్కన నిలబడి కునుకు తీస్తోంది.

"మావయ్యా, మనదే. రెండోది నల్లది" అన్నాను.

మావయ్య టీ కొట్టు దగ్గరికెళ్ళి అదే మాట గట్టిగా చెప్పొచ్చాడు. ఆయన చెప్పేసరికి ఊరంతా నల్లదాని మీదకి మళ్ళిపోయింది.

అత్త ఎప్పుడూ క్యారేజీ ఇచ్చేసి గుడికి వెళ్ళిపోయేది. ఈసారి ఏకంగా గెలుపు గీత దగ్గరే నిలబడింది, చేతిలో ఫోన్. "ఓడింది ఈడియో తియ్యాల. మళ్ళీ మాట మారుత్తాడు మీ మావ" అంది.

జెండా ఊపారు. ఓలమ్మో, ఆ పరుగు! నేనన్నది అన్నట్టే జరిగింది. మచ్చలది ముందే వెనకబడింది, తెల్లది మెత్తటి నేలలో దిగబడింది. డీజే దగ్గర నల్లది చెవులు పడేసి పక్కకి లాగింది. మాది ఆ బాక్సుల వైపు చూడను కూడా చూడకుండా దూసుకొచ్చింది. నేను అరుస్తున్నాను, నాన్న అరుస్తున్నాడు, మావయ్య ఏడుస్తున్నాడు. గీత ఇంకో నాలుగు బారలుందనగా అత్త ఫోన్ ఎత్తింది.

గుర్రం ఆగిపోయింది.

నాలుగు కాళ్ళూ సర్దుకుంది. మెడ ఎత్తింది. మా మరిది దాని మెడ మీదుగా ముందుకి జారి, జూలు పట్టుకుని వేలాడాడు. వాడెంత అదిలించినా కదల్లేదు. నల్ల గుర్రం పక్కనుంచి నింపాదిగా వెళ్ళి గీత దాటేసింది. జనం పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. అత్త ఫోన్ దించాక గానీ మా గుర్రం అడుగు వెయ్యలేదు.

మా నాన్న తల దించుకున్నాడు. మావయ్య నవ్వేవాళ్ళ మధ్యలోంచి వచ్చి, కళ్ళెం తీసుకుని నాన్న చేతిలో పెట్టాడు.

"బండి పిలు బావా. నలుగుర్లో అన్నాను, మాటంటే మాటే" అన్నాడు.

అత్త అప్పటిదాకా ఫోన్‌లోకే చూస్తోంది. వీడియోలో తెర నిండా గుర్రం ముఖం, రెండు చెవులూ ముందుకి పెట్టి అత్తనే చూస్తోంది. ఆవిడ ఫోన్ జాకెట్లో దోపుకుని వచ్చి, నాన్న చేతిలోంచి కళ్ళెం లాక్కుంది.

"ఎక్కడికేటి తోలుకెల్తారు దీన్ని?"

"నువ్వే కదే ఓడితే పంపెయ్యమన్నావు" అన్నాడు మావయ్య.

"అన్నాను. అయితే ఏటి? ఇంత జనంలో నన్ను సూసి ఆగింది. గెలుపు ఒదిలేసుకుని ఆగింది. ఈ ఇంటికొచ్చిన కాడ్నించి నా కోసరం ఆగినోళ్ళు ఇంకెవరున్నారు?"

మావయ్య వంగి, ఆవిడ గీత పక్కన పెట్టిన అన్నం క్యారేజీ అందుకున్నాడు. బీచ్ గుర్రాలు ఎవరు ఫోన్ ఎత్తినా ఆగుతాయని అత్తకి చెప్పడానికి నాన్న నోరు తెరవబోయాడు. నేను ఆయన కాలు తొక్కాను.

తిరిగొచ్చేటప్పుడు అత్త కళ్ళెం పట్టుకుని, దానితో ఏదో మాట్లాడుకుంటూ నెమ్మదిగా నడిచింది. మావయ్య అలవాటు కొద్దీ గబగబా ముందుకెళ్ళిపోయాడు. కాలవ గట్టు మలుపు దగ్గర ఏం గుర్తొచ్చిందో ఆగాడు. క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, అత్త వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. నేను ఫోన్ తియ్యబోయి మానేశాను.