జవాబులు ఎవరి కట్టలో ఉన్నాయి?

రోసిలి చదివిన పుస్తకాన్ని మా గ్రంథాలయంలో ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు. కథ బిగువెక్కిన చోటల్లా పేజీల మధ్య బియ్యప్పిండి ఉంటుంది. పిండిమర నడిపే మనిషి కదా, ఒక చేత్తో గింజలు పోస్తూ రెండో చేత్తో పుస్తకం పట్టుకుంటుంది. హత్య జరిగే పేజీలో పిండి మరీ ఎక్కువ. తరవాత చదివేవాళ్ళకి అక్కడికి రాగానే ఎవరో పోబోతున్నారని తెలిసిపోతుంది. దాని మీద గొడవలు కూడా అయ్యాయి. అయినా ఆమె మానదు, మేమూ ఆమెకి పుస్తకాలివ్వడం మానం.

యాభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఊరందరికీ రోసిలి చేచి, అంటే మా మలయాళంలో రోసిలి అక్క. ఆమెకంటే పెద్దదాన్ని కనక నాకు మాత్రం వట్టి రోసిలి. తండ్రి కట్టిన ఇంట్లోనే అన్నా వదినలతో ఉంటుంది. ఆ అన్నే వరీత్ మాష్, అంటే వరీత్ మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు, ఇప్పుడు గ్రంథాలయానికి అధ్యక్షుడు. నేను ఉపకార్యదర్శిని, అంటే కుర్చీలు వేయించేదాన్ని. పెళ్ళయినా చావైనా మాష్ మైకు ముట్టుకోకపోతే తృప్తి ఉండదు, వినేవాళ్ళకి కాదు, ఆయనకి. ఎవరికే కష్టమొచ్చినా సలహా చెబుతాడు. సలహా దాటి ఒక్క అడుగు వేయడు.

వీళ్ళ చెల్లెలు మెర్సీని ఇరిట్టీ అవతల రబ్బరు తోటలున్న ఇంటికి ఇచ్చారు. మొగుడు తాగి కొడతాడంటే ఊళ్ళోవాళ్ళు నమ్మేవారేమో. అతను తాగడు, తాగకుండానే కొడతాడు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటాడు. కిందటేడు మెర్సీ ఒక సంచీ పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. మాష్ ఆమెకి దగ్గరుండి చేపల కూర వడ్డించి, సర్దుకుపోవడం గురించి సాయంత్రం దాకా చెప్పి, మర్నాడు పొద్దున అరటికాయ చిప్స్ పొట్లం చేతిలో పెట్టి బస్సెక్కించాడు. అప్పట్నుంచీ మెర్సీ ఫోన్లో కుటుంబం గ్రూపులో రాస్తోంది. "చేట్టా, భయంగా ఉంది." "చేట్టా, ఒకసారి వచ్చి వెళ్ళు." చేట్టన్ అంటే అన్న. ఆ అన్న దానికి దండం పెట్టే బొమ్మ పంపిస్తాడు. తీరిక ఉన్న రోజున బైబిల్ వాక్యం.

అవన్నీ రోసిలి మర దగ్గర నాకు చూపించింది. నాకు ఒళ్ళు మండి, "మా ఇంట్లో గది ఖాళీగా ఉంది, దాన్ని తీసుకొచ్చెయ్" అన్నాను.

"మెర్సీ నీ ఇంటికెందుకు రావాలి భార్గవీ? దొంగతనం చేసిందా, లేచిపోయిందా? మా అప్పచ్చన్ కట్టిన ఇల్లుంది. ఆ తలుపే తీయాలి. మా చేట్టన్ చేతే తీయించాలి."

"అడగరాదూ మరి?"

"అడక్కేం? అన్నం దగ్గర అడిగితే చెయ్యి కడుక్కుని లేచిపోతాడు. వరండాలో అడిగితే పేపరు అడ్డం పెట్టుకుంటాడు. 'ఆలోచిద్దాం' అంటాడు. ఎప్పుడాలోచిస్తాడు, దాని పెద్ద దినం నాడా?"

ఆ రోజుల్లోనే గ్రంథాలయానికి 'ఏలమల ఉత్తరాలు' అనే నవల వచ్చింది. మొదటినుంచీ చివరిదాకా ఉత్తరాలే. యాలకుల ఎస్టేటు ఆసుపత్రిలో సరోజం అనే నర్సు. ఎవరో తనని చంపేస్తారని భయం. అన్నకి, స్నేహితురాలికి, ఫాదరుకి, పెద్ద డాక్టరుకి రాస్తుంది, వచ్చి తీసుకెళ్ళమని. పుస్తకం సగానికి రాకుండానే చచ్చిపోతుంది. ఆ తరవాత వాళ్ళందరూ ఒకరికొకరు రాసుకుంటారు, పోలీసాఫీసరు వాళ్ళకి రాస్తాడు. ఆఖరి ఉత్తరంలో హంతకుడు బయటపడతాడు.

రోసిలి అది చదివి నేను భోజనం చేస్తుండగా వచ్చింది. ఈసారి పుస్తకం నిండా పిండి.

"దీన్ని చర్చకి పెట్టించు. విషయం నేను మాట్లాడతాను."

"మీ అన్న ఒప్పుకోడే తల్లీ. అపరాధ నవలలు బస్సులో చదువుకునేవంటాడు."

"ఒప్పించు. ఇంట్లో అయితే లేచిపోతాడు. సభలో అధ్యక్షుడు లేచిపోవడానికి లేదు కదా. ఒక్కసారి కూర్చుని వినాలి, భార్గవీ. అంతే నాకు కావలసింది."

ఇన్నేళ్ళుగా ఆమె డిటెక్టివ్ నవల మీద చర్చ పెట్టమంటే నవ్వి ఊరుకున్న మాష్, ఆ జూన్‌లో ఒప్పుకోక తప్పలేదు. పఠన వారోత్సవానికి వస్తానన్న కవిగారు జ్వరమని కబురు పెట్టారు. కరపత్రంలో ఆదివారం ఖాళీ పడింది. ఖాళీ పడటం కంటే హత్యే నయమనుకున్నాడు.

ఇక్కడే మావాళ్ళు చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. చర్చలో పాల్గొనేవాళ్ళు పుస్తకం చదివి రావాలని మా నియమం. ఉన్నది ఒక్క ప్రతి. మర దగ్గర వేడికి దాని జిగురు ఊడి, కాగితాలు విడివిడిగా వస్తున్నాయి. లైబ్రేరియన్ సుగుణన్ బుర్రకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఎలాగూ ఉత్తరాలే కదా అని పుస్తకాన్ని కట్టలు కట్టి, పేరిచ్చిన సభ్యులకి తలా ఒకటి పంచేశాడు! నేను చూసేసరికి అట్ట మాత్రం బల్ల మీద మిగిలింది.

"బుద్ధుందా సుగుణా? ఎవడైనా నవలని మామిడిపండులా కోసి పంచుతాడా?"

"నియమం నియమమే చేచీ. అందరూ చదివి రావాలా వద్దా? ఇప్పుడు అందరూ చదువుతారు."

ఇంకేమంటాను? తల కొట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం వాన. రేకుల మీద ఆ మోతకి మైకులోని మాట సగమే వినిపిస్తోంది. అయినా జనం బాగానే వచ్చారు, పప్పు వడలు వేయిస్తున్న వాసన వీధి దాకా వెళ్ళింది మరి. రోసిలి తెల్ల చీర కట్టుకుని, రాసుకొచ్చిన కాగితం మడతపెట్టి గుప్పిట్లో పట్టుకుని, వేదిక చివరి కుర్చీలో కూర్చుంది.

మా ఊళ్ళో సభ అంటే ముందు ప్రార్థన, తరవాత స్వాగతం, అధ్యక్షోపన్యాసం, దీపం వెలిగించడం, ఆశీస్సులు. ఇవన్నీ అయ్యాక విషయం. మాట్లాడే ప్రతివాడూ వేదిక మీదున్న ప్రతివాడి పేరూ బిరుదుతో సహా చెప్పి నమస్కరించాలి. వదిలేశారా, మూడు తరాల పగ. సుగుణన్ స్వాగతంలో వడలు వేయిస్తున్నామెకి కూడా స్వాగతం చెప్పాడు. మాష్ పావురాల నుంచి మొదలుపెట్టి తపాలా శాఖ చరిత్ర మొత్తం చెప్పాడు. గాలికి దీపం ఆరిపోతుంటే ముగ్గురు పెద్దలు చుట్టూ గొడుగుల్లా నిలబడి మళ్ళీ మళ్ళీ వెలిగించారు. రోసిలి గుప్పిట్లో కాగితం చెమటకి మెత్తబడిపోయింది. నాకు లేచి ఆ దీపాన్ని నేనే ఊదేద్దామనిపించింది.

చివరికి మాష్ బల్ల మీది గంట ఒకసారి తట్టి, "ఇక రోసిలి విషయం ప్రవేశపెడుతుంది. సమయం తక్కువుంది, క్లుప్తంగా" అన్నాడు.

రోసిలి మైకు ముందుకొచ్చింది. ఎవరి పేరూ చెప్పలేదు, ఎవరికీ నమస్కరించలేదు.

"సరోజం భయపడింది. భయపడ్డానని రాసింది. నేను చెప్పదలచుకున్నది హంతకుడి గురించి కాదు..."

"హంతకుడు డాక్టరే!" వెనకనుంచి రిటైర్డ్ ఓవర్సీరు దివాకరన్ లేచాడు. "నా కట్టలో స్పష్టంగా ఉంది. డాక్టరు రాత చూస్తేనే తెలుస్తుంది, ఎంత తియ్యగా రాస్తాడో!"

"ఏం కాదు, చంపింది ఫాదర్," అంది శైలజ టీచర్. "నా దగ్గరున్న కాగితాల్లో ఆయన విషం పుస్తకం తెప్పించుకున్నాడు."

"ఎలకలకండీ అది! ఎలకల గురించి నా కట్టలో ఉంది," అన్నాడు ఇంకెవరో.

"నా కట్టలో ఎస్టేటు వంటవాడు బాతు కూర ఎలా వండాలో రాశాడు. నిన్న వండించాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, రచయితకి వంట తెలుసు."

"చేచీలూ చేట్టన్లూ, ఒక్కొక్కరూ..." సుగుణన్ గొంతు వానలో కలిసిపోయింది.

శైలజ టీచర్ అందుకుంది. "అసలు ఆ సరోజం పాత్రే బలహీనం. ఉద్యోగం చేసే ఆడది ఇలా ఏడుస్తూ కూర్చుంటుందా? కొత్త తరానికి ఏం సందేశం ఇస్తున్నట్టు?"

"సందేశం మాటలా ఉంచండి టీచరే, ఉత్తరాల మీద పిన్‌కోడ్ లేదు. రచయిత పరిశోధన చేయలేదు," అన్నాడు దివాకరన్.

రోసిలి మైకు పట్టుకుని నిలబడే ఉంది. ఒకటి రెండుసార్లు నోరు తెరిచింది. ఎవరూ ఆగలేదు. ఇంతలో మాష్ గంట కొట్టాడు.

"రోసిలీ, నీ సమయం అయిపోయింది. కూర్చో. అధ్యక్షుడిగా నేను చర్చని క్రోడీకరిస్తాను."

ఆ మాటకి నాకు కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోసిలి కూర్చోలేదు. మైకు ఆయన ముందుకి జరిపి పక్కనే నిలబడింది.

మాష్ కళ్ళజోడు సర్దుకుని తన కట్ట విప్పాడు. "నాకు వచ్చినవి సరోజం తన అన్నకి రాసిన ఉత్తరాలు. భాష సరళంగా ఉంది. భయాన్ని బాగా చిత్రించాడు. ఒకచోట 'నువ్వు వచ్చి గుమ్మంలో నిలబడితే చాలు' అంటుంది, అక్కడ నాకే మనసు కలుక్కుమంది. అయితే వీటి జవాబులు నా కట్టలో లేవు. అన్న ఏం రాశాడో తెలియకుండా ఎలా అంచనా వేస్తాం? జవాబులు ఎవరి కట్టలో ఉన్నాయి?"

ఎవరి కట్ట వాళ్ళు చూసుకున్నారు.

"దివాకరా, నీ దగ్గరున్నాయా?"

"లేవు మాషే. నా దగ్గర డాక్టరూ పోలీసూ రాసుకున్నవే."

"టీచర్?"

"నాకూ రాలేదు. వంటవాడి కట్టలో కలిసిపోయాయేమో."

వంటవాడి కట్టవాడు కాగితాలన్నీ తిరగేసి తల అడ్డంగా ఊపాడు. మాష్ విసుక్కున్నాడు. "సుగుణా! ఇదేం పద్ధతి? కాగితాలు పారేశావా? జవాబులు వెతుకు!"

సుగుణన్ వంగి బల్ల కింద వెతకడం మొదలుపెట్టాడు. ముందు వరసవాళ్ళు తమ కుర్చీల కింద చూసుకున్నారు. నేను వీళ్ళ ముఖాలు చూస్తూ నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డాను.

"వెతక్కు సుగుణా," అంది రోసిలి. "విడదీయకముందు పుస్తకం మొత్తం చదివింది నేనొక్కదాన్నే. జవాబుల్లేవు. ఎవరూ రాయలేదు. అన్న రాయలేదు, స్నేహితురాలు రాయలేదు, ఫాదర్ రాయలేదు. ఆమె చచ్చిపోయాక మాత్రం ఒకరికొకరు తెగ రాసుకున్నారు. నేను చెప్పదలచుకున్నది ఇదే. చంపినవాణ్ణి పోలీసులు పట్టుకున్నారు. చదివి మడిచి పెట్టుకున్నవాళ్ళని ఎవరు పట్టుకుంటారు?"

మాష్ తలాడించాడు, తరగతిలో పిల్లకి సగం మార్కులు వేసినట్టు. "మంచి ప్రశ్నే. కానీ అది రచయిత లోపం, రోసిలీ. నమ్మేలా లేదు. తోడబుట్టింది ఇన్నిసార్లు రాస్తే జవాబివ్వని అన్న ఎక్కడుంటాడు?"

"ఇక్కడ," అంది రోసిలి.

అది మైకులో పడింది. వడలు వేయిస్తున్నామె కూడా గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మెర్సీ సంగతి ఊళ్ళో తెలియని ఇల్లు లేదు. తెలిసినట్టు మాట్లాడిన ఇల్లూ లేదు.

మాష్ ముఖం మాడిపోయింది. "ఇంటి సంగతులు సభలో..." అని గంట అందుకున్నాడు. రోసిలి ఆ గంట తీసి తన చేతిలో పెట్టుకుంది.

"మెర్సీ మన ఇంటికి వస్తానంటోంది చేట్టా. ఈసారి వస్తే తలుపు తీస్తావా?"

ఆయన దివాకరన్ వైపు చూశాడు, శైలజ టీచర్ వైపు చూశాడు. ఇందాక ఒకరి మాట ఒకరికి అడ్డమొచ్చినవాళ్ళలో ఒక్కరూ ఇప్పుడు అడ్డం రాలేదు. మాష్ ఔననలేదు. కాదని కూడా అనలేకపోయాడు. ఇంత జనం ముందు, చేతిలో సరోజం ఉత్తరాలు పెట్టుకుని, కాదని ఎలా అంటాడు? చివరికి "సభ ముగిసింది" అని గొణిగి వేదిక దిగాడు. సుగుణన్ పాపం కృతజ్ఞతలు రాసుకొచ్చాడు, ఎవరూ వినలేదు.

రోసిలి నాకంటే ముందే వరండాలోకి వెళ్ళి ఫోను తీసింది. వాన మోతలో అవతలికి వినబడాలని గట్టిగా మాట్లాడుతోంది. మాష్ చెప్పులు వేసుకోవడానికి వచ్చి, ఒక కాలికి వేసుకుని, రెండోది మరిచిపోయి ఆమె వెనకాలే నిలబడిపోయాడు. ఆయన అక్కడున్నాడని ఆమెకి తెలుసు. గొంతు తగ్గించలేదు.

"మెర్సీ, రేపు పొద్దున మొదటి బస్సెక్కు. సర్టిఫికెట్లు మరిచిపోకు... ఆఁ, అడిగాను. చేట్టన్‌నే అడిగాను... లేదే, రమ్మనలేదు. ఊరందరి ముందూ అడిగాను, వద్దని కూడా అనలేకపోయాడు. నువ్వు వచ్చెయ్."