ఇనుప వంతెన దాటేదాకా

నేపర్‌విల్ నుంచి షికాగో వెళ్లే రైల్లో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకున్న పక్క సీటాయన నా ఫోన్ మాటలు విని తెలుగులో పలకరించారు. రెండు ఇంటర్న్‌షిప్‌లు వచ్చాయనీ, సాయంత్రంలోగా ఏదో ఒకటి ఒప్పుకోవాలనీ చెప్పాను. ఒకటి వంతెనలు డిజైన్ చేసే చిన్న ఆఫీసులో. సివిల్ చదువుతున్న నాకు ప్రాణమంతా దాని మీదే. రెండోది పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్.

"ఏది ఇష్టమని అడగనమ్మా. రేపు ఉద్యోగమిచ్చి హెచ్‌వన్ వీసా ఎవరు ఫైల్ చేస్తారు?"

"పెద్ద కంపెనీయే, అంకుల్."

"మరింకేం! నేనూ సివిలే చదివాను."

ఇంతలో రైలు నది మీది ఇనుప వంతెన ఎక్కింది. ఆయన లాప్‌టాప్ మూసి, కిటికీలోంచి దూలాలనే చూస్తూ కూర్చున్నారు. వంతెన దాటాక మళ్లీ తెరిచారు.

రైలు దిగేలోపు టెస్టింగ్ వాళ్లకే ఓకే చెప్పేశాను.

ఇప్పుడు అదే రైల్లో ఆఫీస్‌కి వెళ్తున్నాను. వంతెన రాగానే నేనూ లాప్‌టాప్ మూస్తాను. దాటాక తెరుస్తాను.